ఎవరి నెత్తురు లెక్కకొచ్చింది?

గుండెజబ్బు ఎవరికి రావచ్చో తేల్చడానికి డాక్టర్లు నెత్తుట్లో కొలెస్ట్రాల్ చూస్తారు. ఎంత ఉంటే ప్రమాదమో చెప్పే లెక్క ఎవరి నెత్తురు మీద కట్టారని మనం అడగం. అడగాలి.

అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు ఒక ల్యాబుకు 2009-2011 మధ్య వచ్చిన 13 లక్షలకు పైగా రిపోర్టులు పోగేశారు. డాక్టరు చీటీ రాస్తే తీసిన నెత్తురది. అందులోని అంకెలు అక్కడి ప్రభుత్వం జనాభా నమూనాతో చేసే ఎన్‌హేన్స్ సర్వే అంకెలతో దగ్గరగా సరిపోయాయన్నారు. సరిపోయాయి గనుక ల్యాబు లెక్కే జనం లెక్క అని చదువుకునే వీలుంది. మా పేచీ అక్కడే.

ఆ పని వృథా అని మేం అనడం లేదు. చెడ్డ కొలెస్ట్రాల్‌ను అంచనా కట్టే ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం 1972లో 448 మంది నెత్తురుతో తయారైంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్న వాళ్ళకు అది తక్కువ చేసి చూపుతుందని ఈ లక్షల రిపోర్టులే గట్టిగా పట్టిచ్చాయి, 2013లో కొత్త పద్ధతీ ఇచ్చాయి. సూత్రం దిద్దడానికి రకరకాల నెత్తురుంటే చాలు. జనానికి ప్రతినిధి అనడానికి అది చాలదు.

ఊరి సగటు తీస్తే వాడ కనబడుతుందా? ఆ రిపోర్టుల్లో వయసుంది, ఆడా మగా అని ఉంది. జాతి గడి లేదు. నల్లవాళ్ళు తమ వాటా మేరకు ఉన్నారా అని అడుగుదామన్నా దారి లేదు. ల్యాబు గడప తొక్కని పేదవాడి కొలెస్ట్రాల్ లెక్కకే రాదు. మందులు మింగి తగ్గించుకున్నవాడిది వస్తుంది. జబ్బు అనుమానంతో వచ్చినవాడిది ఎక్కువుంటుంది. ఈ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నా సగటు సరిపోతుంది! లైపోప్రోటీన్-ఏ అనే మరో కొలత ఉంది. నల్లవాళ్ళలో అది తెల్లవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. అందరినీ కలిపి తీసిన సగటు ఇద్దరిలో ఎవరిదీ కాదు.

కొలబద్ద సంగతీ చూద్దాం. ఆ ఏళ్ళలో ఎన్‌హేన్స్ నల్లవాళ్ళను కావాలనే ఎక్కువమందిని తీసుకుని, తర్వాత జనాభా వాటా ప్రకారం సరిచేసేది. మంచి పద్ధతే. కానీ జైళ్ళలోకి పోదు. అమెరికా జైళ్ళలో నల్లవాళ్ళు వాళ్ళ జనాభా వాటాకు మించి ఉన్నారన్నది అందరికీ తెలిసిందే.

మన దగ్గరో? ల్యాబు రిపోర్టు మీద కులం రాయమని మేం అనం. ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో, ఏం చేస్తారో మనకు ఎరుకే. సర్వే సంగతి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎస్సీనా, ఎస్టీనా అని అడిగింది. బీపీ చూసింది, షుగర్ చూసింది. కొలెస్ట్రాల్ చూడలేదు. వేలు గుచ్చి నెత్తురు చుక్క ఎట్లాగూ తీశారు కదా, ఇదెందుకు చూడలేదని ఆ సర్వే నడిపినవాళ్ళను అడుగుతున్నాం.