సంఘ నివేదికయు సాహిత్య విమర్శయు: గురజాడ అసమ్మతి పత్రము

విశ్వవిద్యాలయమనగనే తరగతులు, గ్రంథాలయములు, పరిశోధనలు మన తలపునకు వచ్చును. పాఠ్యప్రణాళికా సంఘములు, ప్రశ్నపత్రముల కూర్పు, మూల్యాంకన నియమములు, నివేదికలు మొదలగునవి పాండిత్యమునకు వెలుపలి పనులనియు, అవి పండితుని కాలమును హరించుననియు సామాన్యముగ భావింతుము. ఈ విభజన ఎంతవరకు నిజము? ఒక సంఘ సభ్యుడు కార్యాలయమునకు వ్రాసిన పత్రము సాహిత్య విమర్శ కాగలదా? దీనికి తెలుగున ప్రసిద్ధమైన నిదర్శనమొకటి కలదు. అది గురజాడ వేంకట అప్పారావుగారు 1914లో మదరాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతి పత్రము. భాషోద్యమ చరిత్రలో భాగముగ దానిని పలువురు చర్చించిరి. విమర్శ రచనగ దాని గుణదోషములను పరిశీలించుట మా ఉద్దేశము.

అదే 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువడినది. పింగళి సూరనను నూతన దృష్టితో పరామర్శించిన ఆ గ్రంథము ఆధునిక విమర్శకు ఆద్యమని మనము విద్యార్థులకు బోధించుచున్నాము. ఆ గ్రంథకర్తయే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైరి. ఒకరు విమర్శకులై పిదప పరిపాలకులైరి. ఇంకొకరు పరిపాలన సంఘమున కూర్చుండియే విమర్శ చేసిరి. మొదటి దానిని గ్రంథమందుము. రెండవ దానిని దస్త్రమందుము. ఈ భేదము రచనల రూపమునుబట్టి వచ్చినదే కాని విలువనుబట్టి వచ్చినది కాదని మా అభిప్రాయము.

అప్పారావుగారు 1862లో ఎలమంచిలికి చేరువనున్న సర్వసిద్ధి రాయవరమున జన్మించిరి. ఆ గ్రామము 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనిది. విజయనగరము మహారాజా కళాశాలలో అధ్యాపకత్వము, సంస్థానమున శాసన పరిశోధన, రీవా రాణిగారి కడ ఆంతరంగిక కార్యదర్శిత్వము వారి వృత్తులు. తరగతిని, శాసనమును, కార్యాలయ పత్రమును మూడింటిని చేతితో ముట్టి యెరిగిన రచయితలు అరుదు. ఆ మూడు అనుభవములును ఈ పత్రమున కలిసి పనిచేసినవి.

సందర్భము సుపరిచితమే. ఇంటర్మీడియట్ విద్యార్థులు పరీక్షలో వ్రాయవలసిన తెలుగు వ్యాసము ఏ భాషలో నుండవలెనను ప్రశ్న పుట్టినది. ఒక వంక జె. ఏ. యేట్స్, పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు రామమూర్తిగారు జీవద్భాషను సమర్థించిరి. వేరొక వంక జయంతి రామయ్యగారు, 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు కావ్యభాషా సంప్రదాయమును కాపాడ బూనిరి. విశ్వవిద్యాలయము నియమించిన సంఘము గ్రాహ్యములైన రూపములు, త్యాజ్యములైన రూపములు అని పట్టికలు సిద్ధము చేయు పనికి దిగినది. భాషాసమస్య పరీక్షా నియమముగ మారిన ఘట్టమిది.

అప్పారావుగారి వాదమున మొదటి గుణము, కొలమానమునే ప్రశ్నించుట. ఈ రూపము సాధువా, అసాధువా అని పట్టికలు వేయుటకు ముందు, ఏ భాషకు చెప్పిన వ్యాకరణముతో దేనిని కొలుచుచున్నామని వారు అడిగిరి. పద్యభాషకు కుదిరిన నియమములను వచనమునకు అంటగట్టుట వారి దృష్టిలో మూలదోషము. అందుచేతనే చిన్నయసూరి వచనము వంటి ఆదర్శమును గూడ వారు నిర్మొగమాటముగ పరీక్షించిరి. రెండవది సాక్ష్యబుద్ధి: గ్రాంథికమును శాసించువారే దానిని నిర్దుష్టముగ వ్రాయలేకున్నారని చూపుట. మూడవది ప్రయోజనదృష్టి: సామాన్యజనుల విద్యకు ఈ భాష తోడ్పడునా, అడ్డుపడునా యను ప్రశ్న.

మా అనకాపల్లిలో 1913లో నెలకొన్న చెరకు పరిశోధన స్థానము నేడు ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమున భాగము. అచట ఒక క్రొత్త రకమును విడుదల చేయుటకు ముందు దానిని మళ్లలో పెంచి, పోల్చి, రైతు పొలమున గూడ నిలుచునో లేదో చూతురు. పరీక్షాభాషను విధించుటకు ముందు అట్టి పరీక్ష ఏది జరిగినదని అప్పారావుగారి వాదసారము. ఈ దృష్టి శాస్త్రీయమైనది. అదే వారి విమర్శకు బలము.

ఇక లోపములు. మొదటిది స్పష్టమే: తెలుగు సామాన్యుని పక్షమున వ్రాసిన ఈ పత్రము ఆంగ్లమున నున్నది. సభ్యులకు వ్రాసిన పత్రమగుటచే అది అనివార్యమేమో. కాని ఎవరికొరకు వాదించిరో వారు దానిని చదువజాలరైరి. రెండవ లోపము సూక్ష్మమైనది. మా పరిశీలనకు ప్రధానమైనది అదే.

‘కన్యాశుల్కము’న భాష ఒకటి కాదు. గిరీశము పలుకు వేరు, అగ్నిహోత్రావధానుల పలుకు వేరు, మధురవాణి పలుకు వేరు, పనివాడైన అసిరిగాని పలుకు వేరు. అన్నియు తెలుగే, దేనికదియే ప్రాణము కలది. నాటకకర్త ఈ బహుత్వమును 1897 నాటి ప్రథమ ముద్రణమునను, 1909 నాటి ద్వితీయ ముద్రణమునను నిలిపినాడు. కాని సంఘ సభ్యునికి ఆ స్వేచ్ఛ లేదు. పరీక్షకు ఒక్క ప్రమాణము కావలెను. కావ్యభాష స్థానమున శిష్టుల వాడుకను నిలిపినచో, ఆ శిష్టులెవరు? అసిరిగాని భాషకు నాటకమున దొరికిన చోటు పరీక్షలో దొరకునా? ఈ ప్రశ్నను పత్రము తెరచినదే కాని ముగింపలేదు. సాహిత్యము బహుత్వమును చూపును. పరిపాలన ఏకత్వమును కోరును. ఆ రెంటి ఒరిపిడి ఒకే రచయితలో కనిపించుట ఈ పత్రమునకు గల విశేషము.

ఇది నాటితో తీరిన చర్చ కాదు. కొన్నేండ్ల క్రిందట ఒక మూల్యాంకన శిబిరమున మేమును పనిచేసితిమి. కథావిమర్శ వ్రాయుచు ఒక విద్యార్థి ‘బాలుడు’ అనదగినచోట ‘గుంటడు’ అని వ్రాసినాడు. మా ప్రాంతమున ప్రతి ఇంట వినబడు మాట అది. గ్రామ్యపదములకు మార్కులు తగ్గింపవలెనని మాకిచ్చిన నియమావళి. సమాధానమందలి ఆలోచన మంచిది. అయినను మేము మార్కు తగ్గించితిమి. ఆ నియమమును ప్రశ్నించుచు ఒక్క పంక్తియైన వ్రాసి పంపలేదు. అట్టి సంఘములలో ఎన్ని తీర్మానములకు చదువకయే చేవ్రాలు చేసితిమో లెక్క లేదు. గురజాడ పత్రమును పాఠముగ చెప్పుచున్న మేము ఆ పనిని మాత్రము నేర్వలేదని అప్పుడు తోచినది. ఈ వ్యాసమందలి మా భాషయు ఆ వాదమునకు విధేయము కాదు. అలవాటు తర్కముకన్న బలవత్తరము.

పత్రము ఫలించినదా? ఆనాడు లేదు. విశ్వవిద్యాలయము గ్రాంథికమునకే మొగ్గినది. అప్పారావుగారు 1915 నవంబరు 30న కీర్తిశేషులైరి. గిడుగువారు 1940లో తాము మరణించు వరకు ఆ వాదమును విడువలేదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, ఆధునిక భాషలో పాఠ్యగ్రంథములు వెలువడు నాటికి అర్ధశతాబ్దికి మించి గడచినది. అధికసంఖ్యాకుల నివేదికను నేడు చదువువారు కొలదిమంది. అసమ్మతిని మాత్రము చదువుచున్నాము. కారణము దానిలోని పాండిత్యము మాత్రమే కాదు. నిర్ణయము జరుగుచోటనే, నిర్ణయింపబడువారిని తలచుకొని వ్రాసినది కావుటయే.

పరిశోధక విద్యార్థులు మన సంఘముల నివేదికలను, పాఠ్యనిర్ణయములను, పరీక్షాపత్రములను గూడ విమర్శకు విషయములుగ గైకొనవలెనని మా మనవి. మన సాహిత్యాభిరుచి చరిత్ర గ్రంథపీఠికలలో ఎంత కలదో, ఆ దస్త్రములలో అంత కలదు. అధ్యాపకులమైన మనకు వేరొక మనవి: చేవ్రాలు చేయుటకు ముందు చదువుదము, సమ్మతింపనిచో కారణము వ్రాయుదము. అదియు విమర్శయే.