నీలి ఖుర్ఆన్: నకలు ప్రతులు, వర్ణసత్యం

ఇస్లామీయ లిపికళను అభిమానించే వారిలో నీలి ఖుర్ఆన్ పేరు విననివారు అరుదు. క్రీ.శ. 9-10 శతాబ్దాల నాటివిగా పండితులు ఎంచే ఈ పత్రాలు నీలిరంగు అద్దిన చర్మపత్రాలు. వీటిపై కూఫీ లిపిలో, పుటకు 15 పంక్తుల చొప్పున, దివ్యవచనాలు బంగారంతో లిఖింపబడినవి. వీటి పుట్టుక ఖైరవానులోనా, ఖుర్తుబాలోనా, బగ్దాదులోనా అన్న వివాదం నేటికీ తేలలేదు. పత్రాలు ట్యునీషియా మొదలు న్యూయార్కు వరకు చెదరిపోయినవి. కనుక సామాన్యునికి దక్కేది నకలు మాత్రమే. ఆ నకలు ఎంతవరకు విశ్వసనీయం?

కంప్యూటరు తెర తానే వెలుగును చిమ్ముతుంది. కాగితం తనపై పడిన వెలుగును తిప్పి పంపుతుంది. తెర చూపగల గాఢనీలాలలో కొన్ని అచ్చుసిరాకు అందవు. అందనిచోట నీలం తరచు ఊదావైపు జారుతుంది. బంగారం సంగతి మరీ కష్టం. అది రంగు మాత్రమే కాదు, చూపుకోణాన్ని బట్టి మారే మెరుపు కూడా. మామూలు సిరాలలో అది ఇత్తడి పసుపుగానో, మట్టిరంగుగానో మిగులుతుంది.

ఇందుకు నివారణోపాయం లేకపోలేదు. 1993లో ఏర్పడిన అంతర్జాతీయ వర్ణ సమాఖ్య (ఐ.సి.సి.) పద్ధతిలో కెమెరాకు, తెరకు, ముద్రణయంత్రానికి వేర్వేరుగా 'ప్రొఫైలు' ఉంటుంది. ఏ పరికరం ఏ రంగును ఎలా చూపుతుందో అది తెలుపుతుంది. అచ్చును 5000 కెల్విన్ ప్రామాణిక వెలుతురులో సరిచూస్తారు. హదీసు విద్యార్థికి ఇందులో సనదు పోలిక తట్టక మానదు: నడుమ ఒక్క రావీ లోపించినా గొలుసు తెగినట్లే.

అయితే పోలిక కొంతవరకే చెల్లుతుంది. రావీ విషయంలో అతని సత్యసంధతను పరీక్షిస్తారు. ప్రొఫైలు యంత్రం స్వభావాన్నే చెబుతుంది, మనిషి ఉద్దేశాన్ని చెప్పదు. కొనుగోలుదారుని కంటికి ఇంపుగా ఉండాలని నీలాన్ని ఆకాశవర్ణానికి తేల్చినా, ఆయతుల సముదాయాలను సూచించే వెండి గుర్తులు కాలక్రమాన నల్లబడగా వాటిని మరల తెల్లబరచినా, ప్రొఫైలు అభ్యంతరం చెప్పదు.

అక్షరం మారనప్పుడు రంగు మారితే నష్టమేమని కొందరు అడుగవచ్చును. దైవవాణికి నష్టం లేదు. అది హాఫిజుల హృదయాలలో భద్రంగా ఉన్నది. నష్టం చరిత్రకు. ఆ నీలం ఒక రంగరి చేతిపనికి సాక్ష్యం. ఆ నలుపు శతాబ్దాల కాలానికి సాక్ష్యం. సాక్ష్యాన్ని అలంకరించడం సాక్ష్యం చెప్పడం కాదు.

కావున మంచి నకలుకు గీటురాయి ఒక్కటే. ఏ వెలుతురులో చిత్రించినారో, ఏ కాగితంపై ఏ సిరాతో అచ్చువేసినారో, ముద్రకుడు మూలపత్రంతో పోల్చిచూచెనో లేదో, ఏది చూపలేకపోయెనో ప్రతి అడుగున వ్రాయవలెను. బంగారపు మెరుపును కాగితంపైకి తేలేకపోవడం దోషం కాదు. తెచ్చినట్లు నమ్మించడమే అమానతుకు ద్రోహం.