పిడికి చుట్టిన చీటీ

షికాగో ఓహేర్ విమానాశ్రయంలో బయల్దేరేవాళ్ల రోడ్డు మీద కారు నిలవడానికి దొరికేది రెండు మూడు నిమిషాలే. వెనక హారన్లు, ముందు చెయ్యూపుతూ పోలీసు, డిక్కీలో నాలుగు సూట్‌కేసులు. లోపలికి ఈడ్చుకుపోయి వరసలో నిలబడాలి కాబోలని నేను నడుం బిగిస్తుంటే మా అమ్మాయి ఆపింది. "వద్దు నాన్నా, ఇక్కడే ఇచ్చేద్దాం." అద్దాల తలుపులకు ఇవతల, ఫుట్‌పాత్ మీద చిన్న కౌంటరు, పక్కనే కాటా. కర్బ్‌సైడ్ చెక్-ఇన్ అంటారు దీన్ని. అక్కడ పనిచేసే మనిషి స్కైక్యాప్.

ఈ పేరు రైలు స్టేషన్ నుంచి వచ్చింది. అమెరికా స్టేషన్లలో సామాను మోసేవాళ్లు ఎర్రటోపీ పెట్టుకునేవారు కనుక రెడ్‌క్యాప్‌లయ్యారు. విమానాలొచ్చాక ఎరుపు పోయి ఆకాశం చేరింది. మన సికింద్రాబాద్‌లో ఎర్రచొక్కా, చేతికి ఇత్తడి బిళ్ల. వాళ్లకు నెత్తిన ఎరుపు. రెడ్‌క్యాప్‌లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. విల్లర్డ్ టౌన్‌సెండ్ నాయకత్వంలో 1937లో వాళ్లు సంఘం పెట్టుకున్నారు. ఆయన కూడా ఈ షికాగోలోనే రెడ్‌క్యాప్‌గా బరువులు మోసినవాడు.

మా సామాను అందుకున్న మనిషికి అరవై దగ్గర పడి ఉంటాయి. సూట్‌కేసు పిడి పట్టి జానెడెత్తు లేపాడు, దించాడు. కాటా మీద అంకెలు ఇంకా ఊగుతుండగానే "రెండు పౌండ్లు ఎక్కువ" అన్నాడు. కాటా 52 దగ్గర ఆగింది. పరిమితి 50, అంటే మన లెక్కలో 23 కిలోలు. రాత్రంతా కొక్కెం కాటాతో తూచిన మా అమ్మాయి మొహం చిన్నబోయింది. అతను మాత్రం విసుక్కోలేదు. మిగతా మూడింటినీ అలాగే లేపి చూసి, ఒకదాని మీద తట్టి "దీంట్లో చోటుంది" అన్నాడు. ఆవకాయ సీసా అందులోకి మారింది. జిప్పు తెరిచి ఉండగానే పవర్‌బ్యాంకులు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, విమానం పొట్టలోకి పంపకూడదు. మళ్లీ జిప్పు తీయించే పని లేకుండా ఆ ప్రశ్నకు అతను ఎంచుకున్న క్షణం నాకు ముచ్చటేసింది.

తర్వాత గుర్తింపు కార్డులు చూసి, మేం వెళ్లే శాన్‌ఫ్రాన్సిస్కో కోడ్ పైకి చదివాడు: "ఎస్ఎఫ్ఓ, నాలుగు." మేం అవునన్నాకే చీటీలు బయటికొచ్చాయి. ఇది మర్యాద కోసం అడిగిన మాట కాదు. కాలిఫోర్నియాలోని శాన్‌హోసే ఎస్‌జేసీ, కోస్టారికాలోని శాన్‌హోసే ఎస్‌జేఓ, ప్యూర్టోరికోలోని శాన్‌వాన్ ఎస్‌జేయూ. ఒక్క అక్షరం తేడాతో పెట్టె సముద్రం దాటిపోగలదు. అక్షరాలు ఊరి పేరుకు సరిపోతాయన్న నమ్మకమూ లేదు. ఓహేర్ కోడ్ ఓఆర్‌డీ, ఎప్పుడో ఇక్కడుండిన ఆర్చర్డ్ ఫీల్డ్ జ్ఞాపకం. ఇవన్నీ అతనికి నోటిలెక్కలు.

అసలు పని ట్యాగ్ దగ్గర. ముందు పెట్టెను ఒక చుట్టు తిప్పాడు. పక్కన మూలగా అంటుకుని ఉన్న చిన్న బార్‌కోడ్ స్టిక్కర్‌ను బొటనవేలి గోటితో గీకి తీసేశాడు. రెండేళ్ల కిందటి శంషాబాద్ ప్రయాణం తాలూకుది. మనం అలాంటివి పరువుగా ఉంచుకుంటాం కదా! మరలు మాత్రం పాత చీటీని చదివి తికమక పడొచ్చు. తర్వాత పొడవాటి పట్టీని పైపిడి కిందుగా దూర్చి, వెనక కాగితం ఒలిచి, రెండు కొసలూ అంచుకు అంచు కలిపి, బొటనవేలితో ఒక్క రాపు రాశాడు. ముడత లేదు, గాలి బుడగ లేదు. పట్టీకి చివర ఉన్న చిన్న స్టిక్కర్ పెట్టె ఒంటి మీదికి వెళ్లింది. ట్యాగ్ ఊడిపోయినా అదే నంబరు అక్కడ మిగులుతుంది. ఇంకో ముక్క మా చేతికి.

ఆ నంబరులో పది అంకెలు. అందులో మూడు ఏ ఎయిర్‌లైనో చెబుతాయి, చివరి ఆరు ఆ పెట్టెవి. బార్‌కోడ్‌ను నిలువుగానూ అడ్డంగానూ రెండు దిక్కుల ముద్రిస్తారు, బెల్టు మీద పెట్టె ఎలా పడుకున్నా స్కానర్ చదవగలగాలని. చదవలేకపోతే పెట్టె పక్కకు పోయి, ఓ మనిషి చేత్తో స్కాన్ చేసేదాకా కూర్చుంటుంది. లోపల మిషన్ల దగ్గర జనం తమ ట్యాగ్ తామే అంటించుకుంటున్నారు. బార్‌కోడ్ మడతలోకి పోతుంది, జిగురుకు జిగురు అంటుకుంటుంది. తేలిక పనేనని జనం చేతిలో పెట్టారు గానీ, నా చేత్తో అయితే అంతకంటే బాగా వస్తుందన్న నమ్మకం నాకూ లేదు.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఈ కౌంటర్లను కొన్నాళ్లు మూయించారు, మెల్లగా తెరిచారు. ఇప్పటికీ ఎక్కువగా దేశంలోపలి ప్రయాణాలకే. విదేశాలకైతే పాస్‌పోర్టు, వీసా చూడాలి కనుక చాలా ఎయిర్‌లైన్స్ లోపలికే రమ్మంటాయి. హైదరాబాద్ వెళ్లే పెట్టెకు ఈ చెయ్యి తగలడం అరుదు.

వీళ్ల బతుకు టిప్పు మీద. 2005లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోస్టన్‌లో పెట్టెకు రెండు డాలర్ల రుసుం పెట్టింది. అదే టిప్పు అనుకుని ప్రయాణికులు విడిగా ఇవ్వడం తగ్గించారు. స్కైక్యాప్‌లు కోర్టుకెళ్లారు, 2008లో జ్యూరీ వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2011లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. రాష్ట్ర చట్టం కన్నా విమానయానం మీద కేంద్ర చట్టానిదే పైచేయి అంది. చట్టం సంగతేమో గానీ, పెట్టె లేపిన చెయ్యి దగ్గరికి డబ్బు రాలేదు.

మా అమ్మాయి ఇరవై డాలర్ల నోటు మడిచి ఇచ్చింది. ఎంతో చూడకుండానే జేబులో వేసుకుని, నాలుగు ముక్కల చీటీని నాకిచ్చి, ఏ గేటో వేలితో చూపించాడు. అప్పటికే రెండో చెయ్యి వెనక కారు డిక్కీ మీద ఉంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో తమ్ముడింటికి చేరాక ఆవకాయ పెట్టె ట్యాగ్‌ను చేత్తో పీకబోయాను. చిరగలేదు, అతుకూ విడలేదు. మరదలు వంటింట్లోంచి కత్తెర తెచ్చింది.