బొబ్బిలి కథ అక్కడితో అయిపోయిందా?

తెలుగువాళ్ళు ఎక్కడున్నా బొబ్బిలి కథ తెలియనివాళ్ళు తక్కువ. కొందరు బుర్రకథగా విన్నారు, కొందరు 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' సినిమా చూశారు. అందులో బొబ్బిలి దొర రంగారావుగా ఎన్.టి. రామారావు, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి. రంగారావు నటించారు. ఆ కథ నాకూ ఇష్టమే. కానీ దాన్ని ఆపే చోటు మీదే నాకు అభ్యంతరం ఉంది.

కథ మామూలుగా ఇలా సాగుతుంది. విజయనగరం రాజు విజయరామరాజుకు, బొబ్బిలికి పాత పగ. ఆయన ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చాడు. 1757 జనవరి 24న కోట పడిపోయింది. ఆడవాళ్ళు, పిల్లలు శత్రువు చేతిలో పడకూడదని సొంతవాళ్ళే వాళ్ళ ప్రాణాలు తీశారు. తర్వాత పాపారాయుడు రాత్రిపూట డేరాలో దూరి విజయరామరాజును చంపాడు. పగ తీరింది, కథ అయిపోయింది, మనం చప్పట్లు కొడతాం.

అసలు ఫ్రెంచివాళ్ళు అక్కడికి ఎందుకొచ్చారు? 1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ఉత్తర సర్కారులను వాళ్ళకు ఇచ్చేశాడు. జీతాలు రావాలంటే శిస్తు వసూలు కావాలి. అందుకు బుస్సీకి నమ్మకమైన జమీందారు కావాలి. బొబ్బిలిని లొంగదీయడానికి విజయరామరాజుకు ఫిరంగులు కావాలి. ఇద్దరి అవసరాలూ కలిశాయి. దాన్నే స్నేహం అనుకున్నారు.

అప్పటికే 1756లో యూరపులో ఏడేళ్ళ యుద్ధం మొదలైంది. ఇంగ్లండు, ప్రష్యా ఒక పక్క. ఫ్రాన్సు, ఆస్ట్రియా, రష్యా మరో పక్క. మన ఇంటి పగ ఆ పెద్ద మంటలోకి వెళ్ళి పడింది. విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. 1758లో వాళ్ళ చేతిలోని విశాఖపట్నం పట్టుకొని ఇంగ్లీషువాళ్ళను రమ్మన్నాడు. బెంగాల్ నుంచి క్లైవ్, కర్నల్ ఫోర్డును పంపాడు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా పోయింది. ఫ్రెంచివాళ్ళ పాత మిత్రుడు సలాబత్ జంగే ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు.

ఇప్పుడు లెక్క చూడండి. బొబ్బిలి కోట బూడిదైంది. విజయరామరాజు చచ్చిపోయాడు. ఫ్రెంచివాళ్ళు పోయారు. గెలిచింది కుంపిణీ. బొబ్బిలిలో తుపాకీ పేల్చకుండానే గెలిచింది! బుర్రకథలో ఈ గెలిచినవాడే కనబడడు.

1914లో కూడా ఆస్ట్రియా, సెర్బియా పగలోకి ఒకరి వెనక ఒకరు రష్యా, జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటన్ దిగారు. 'ఒప్పందాలు లాగేశాయి' అని పరీక్షలో రాసేస్తాం. అది సగమే నిజం. జర్మనీ, ఆస్ట్రియాలతో ఒప్పందం ఉన్న ఇటలీ 1914లో యుద్ధానికి వెళ్ళలేదు. 1915లో అవతలి పక్షానే చేరింది. అంటే ఒప్పందం కాగితం ఎవరినీ మెడపట్టి లాగదు. ఆ రోజు ఏది లాభమో, ఏది పౌరుషమో లెక్కవేసుకొని మనుషులే నిర్ణయిస్తారు. ఆనంద గజపతి పక్షం మారినట్టే.

"బుర్రకథ వీరరసం కోసం, చరిత్ర పాఠం కోసం కాదు" అని ఎవరైనా అనవచ్చు. నిజమే, పాపారాయుడి ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ధైర్యం ఒక్కటే చూపిస్తే, పగ తీర్చుకోవడమే గెలుపని చిన్నపిల్లలు అనుకుంటారు. కోటలో చనిపోయిన ఆడవాళ్ళను, పిల్లలను ఏ పొత్తు గురించీ ఎవరూ అడగలేదు. పొత్తు ఖరీదు మాత్రం వాళ్ళే కట్టారు.

మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్, గోదావరి దాటితే తెలంగాణ. ఇరుగుపొరుగు తగాదాలోకి మూడోవాణ్ణి పిలిచేముందు, వాడు ఎవరి పని మీద వస్తున్నాడో అడగాలని మనకు వేరే చెప్పాలా? మన బడి వార్షికోత్సవంలో ఎవరైనా బొబ్బిలి కథ చెబితే, పాపారాయుడు కత్తి దించాక ఇంకొక్క వచనం కలపండి. చందుర్తిలో ఏం జరిగిందో, మచిలీపట్నంలో ఎవరి జెండా ఎగిరిందో చెప్పండి. చప్పట్లు ఆ తర్వాత కొడదాం.