వాదం తరువాత మహిమ: ‘పండితారాధ్య చరిత్ర’పై ఒక పరిశీలన

మార్మికతను, హేతుబద్ధ దైవశాస్త్రాన్ని ఎదురెదురు పక్షాలుగా బోధించడం మన తరగతులలో అలవాటు. ఇస్లాం తొలి శతాబ్దాలను గూర్చి చెప్పేటప్పుడు ఈ విభజన మరీ గట్టిగా ఉంటుంది: ఇటు ‘కలామ్’ పండితులు, అటు సూఫీలు. మరి 857లో బాగ్దాదులో మరణించిన అల్ ముహాసిబీ ఏ పక్షం? సూఫీలు తమ తొలి గురువులలో ఒకరిగా ఎంచే ఇతడు బుద్ధి స్వభావంపై గ్రంథం రాశాడు, ముతజిలీ తర్కవాదులను తర్కంతోనే ఖండించాడు. అహ్మద్ ఇబ్న్ హన్బల్ దీనిని తప్పుపట్టాడు. ఖండించేవాడు ముందుగా ఎదుటివాని వాదాన్ని చెప్పక తప్పదు. వినేవాడు అక్కడే ఆగిపోతే ఎలా అన్నది ఆయన భయం.

ఇటువంటి మనిషి జనగామ ప్రాంతంలోనూ ఉన్నాడు. పాలకుర్తికి చెందినవాడని చెప్పే పాలకురికి సోమనాథుడు (13వ శతాబ్దం) ముగ్ధభక్తుల కవిగానే మనకు పరిచయం. హాలాహలం మింగిన శివునికి ఏమవుతుందోనని తల్లడిల్లి నీళ్లలో దిగిన రుద్రపశుపతి కథ ‘బసవపురాణం’లోనిది. అదే చేత్తో సంస్కృతంలో ‘సోమనాథ భాష్యం’ రాసి, వేద పురాణ ప్రమాణాలతో శివాధిక్యాన్ని స్థాపించాడు. సాహిత్య చరిత్రకారులు మొదటిదాన్ని మెచ్చుకొని రెండవదాన్ని ఒక వాక్యంతో దాటవేస్తారు. ఇది సరికాదని నా అభిప్రాయం.

రెండు ధోరణులూ కలిసేది ‘పండితారాధ్య చరిత్ర’లో. దాని ఐదు ప్రకరణాలలో వాద ప్రకరణం ముందు, మహిమ ప్రకరణం తరువాత. ఈ వరుసను గమనించాలి. చందవోలు రాజసభలో మల్లికార్జున పండితుడు బౌద్ధాచార్యునితో వాదిస్తాడు. వాదంతో కథ ముగియదు. శిష్యులు ఆ బౌద్ధుని చంపుతారు. రాజు పండితుని కన్నులు తీయిస్తాడు. శివానుగ్రహంతో చూపు తిరిగి వస్తుంది. రుద్రపశుపతి అనుభవం ఎవరినీ ఏమీ ఒప్పుకొమ్మని అడగదు. ఇక్కడ మాత్రం మహిమ తీర్పుగా మారింది, హత్య ఆ తీర్పు చాటున దాగింది. కావ్యంగా ఎంత గొప్పదైనా ఈ ఘట్టం దగ్గర నేను కవితో నడవలేను.

తర్కం మాత్రం నిర్దోషి అని కాదు. ఖురాను సృష్టించబడినదన్న ముతజిలీ సిద్ధాంతాన్ని పండితులచేత ఒప్పించడానికి ఖలీఫా అల్ మామూన్ 833లో విచారణ మొదలుపెట్టాడు. లొంగని ఇబ్న్ హన్బల్ చెరసాల పాలయ్యాడు, తరువాతి ఖలీఫా కాలంలో కొరడా దెబ్బలు తిన్నాడు. ముహాసిబీని ఆయన ఎందుకంత కఠినంగా చూశాడో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

వాక్య వివరణ తరువాత స్వస్థత సాక్ష్యం చెప్పించే మన కూడికలలోనూ, అన్యమత ఖండన సభలలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. సాక్ష్యం వాక్యానికి తోడుగా వస్తోందా, వాదంలో మిగిలిన ఖాళీని పూడ్చడానికా అని కాపరి అడుగుకోవలసి ఉంది. సోమనాథుడు కనీసం ప్రతివాదిని మాట్లాడనిచ్చాడు. చందవోలు బౌద్ధుడు ఏమని వాదించాడో తెలుసుకోవాలంటే, ఈనాటికీ అతని ప్రత్యర్థి పక్షపు కావ్యాన్నే తెరవాలి.