నా చుక్క ఎటువైపు?

ఈ వారం మా మేనకోడలి ఇంటికి వెళితే హాల్లో గోడమీద కొత్త ఫ్రేము కనబడింది. బంగారు రంగు అంచు, కింద ఎర్రటి ముద్ర. ఏడేళ్ల కూతురి పేరు ఒక నక్షత్రానికి పెట్టించిందట, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి. "బాగుందా మావయ్యా?" అంది. టీ తాగి వచ్చేశాను గానీ మనసు చివుక్కుమంది. ఆ కాగితాలు అమ్మేవాళ్లకు నక్షత్రాల మీద ఏ అధికారమూ లేదు. ఆ పేర్లను ఖగోళశాస్త్రంలో ఎవరూ వాడరు.

పేరు కష్టపడితే రావాలి. ఇది నా పాత పాటే, మీకు తెలుసు. గ్రహశకలాల పద్ధతి నాకు అందుకే ఇష్టం. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే ఆ రాళ్లలో కొత్తది కనబడితే ముందు తాత్కాలిక గుర్తే ఇస్తారు. మళ్లీ మళ్లీ గమనించి, కక్ష్య గట్టిగా తేలాకే నంబరు. ఆ తర్వాతే, కనిపెట్టినవాళ్లకు పేరు సూచించే హక్కు.

1861 ఏప్రిల్ 17న మద్రాసులో ఖగోళశాస్త్రవేత్త నార్మన్ పోగ్సన్ పట్టుకున్నది 67వ గ్రహశకలాన్ని. ఆకాశాన్ని ఫొటోలు తీసి వెతికే రోజులు కావవి. దుర్భిణికి కన్ను ఆనించి, చుక్కల పటంతో పోల్చుకోవాలి. పటంలో లేని చుక్క కనబడితే, తర్వాతి రాత్రికి అది జరిగిందో లేదో చూడాలి. మన ఖండం నుంచి కనిపెట్టిన మొదటిది కాబట్టి దానికి ఆసియా అని పేరు పెట్టాడు.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. ఐసిస్ గుర్తొచ్చింది. 1856లో ఆక్స్‌ఫర్డ్‌లో పోగ్సన్‌కు దొరికిన మొదటి గ్రహశకలం అది. ఈజిప్టు దేవత పేరే, కానీ అతని మూడేళ్ల కూతురి పేరులోనూ ఐసిస్ ఉంది. ఆ పాపను తలుచుకునే పెట్టారంటారు. మూడేళ్ల పిల్ల ఏం కష్టపడిందని?

ఆ పిల్లే పెద్దదై, 1873 నుంచి పాతికేళ్లు మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసింది. తండ్రి రాత్రిళ్లు చూసినవాటికి లెక్కలు కట్టింది. 1886లో ఆమె పేరును రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి తండ్రి ప్రతిపాదిస్తే, ఆడవాళ్లను చేర్చుకునే వీలు నిబంధనల్లో లేదన్నారు. చేర్చుకున్నది 1920లో. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత! ఆకాశంలో మాత్రం ఆమె పేరు చిన్నప్పటి నుంచీ ఉంది.

మొన్న రాత్రి మా మేనకోడలి కూతురు ఫోన్ చేసింది. "తాతయ్యా, నా చుక్క ఎటువైపు?"

ఆ ఫ్రేము తీసేయమని వాళ్లమ్మకు చెబుదామనుకున్నవాణ్ని, ఆ మాటే ఎత్తలేదు. "కాగితం మీద అంకెలుంటాయి చూడు, చదువమ్మా" అన్నాను. కుర్చీ ఎక్కి, ఒక్కో అంకే కూడబలుక్కుని చదివింది. రాసుకున్నాను. ఆదివారం బైనాక్యులర్స్ తెస్తానని, డాబా మీద లైటు ఆర్పి ఉంచమని చెప్పాను.