ప్రహ్లాద కథకు నాయకుడెవరు?

2025 జూలైలో రెండు వారాల తేడాతో రెండు చిత్రాలు మన థియేటర్లకు వచ్చాయి. 11న విడుదలైంది జేమ్స్ గన్ తీసిన 'సూపర్‌మాన్'. 25న వచ్చింది అశ్విన్ కుమార్ దర్శకత్వంలో రూపొందిన యానిమేషన్ చిత్రం 'మహావతార్ నరసింహ'. మొదటిదాన్ని 1978 నాటి రిచర్డ్ డానర్ చిత్రంతోనూ, 2013 నాటి 'మ్యాన్ ఆఫ్ స్టీల్'తోనూ పోల్చి చూడడం ఆంగ్ల విమర్శకులకు అలవాటైన పని. వారు దాన్ని 'రీబూట్' అంటారు. రెండవదాన్ని దాని పూర్వరూపాలతో పోల్చి చూడవలసిన బాధ్యత మాత్రం తెలుగువారిది. ఎందుకంటే తెలుగు టాకీ పుట్టిందే ప్రహ్లాదుని కథతో.

హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలో తయారైన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న అక్కడి కృష్ణా థియేటర్లో విడుదలైంది. 1931 సెప్టెంబరు అని చాలాకాలం చెప్పుకున్న తేదీని తర్వాతి పరిశోధన సరిదిద్దింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం దానికి ఆధారం. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి. ఎల్.వి. ప్రసాద్ ఒక చిన్న వేషం వేశారు. ఆ చిత్రం ప్రతి నేడు లభ్యం కాదు కనుక దాని గుణదోషాలు నిర్ణయించే సాహసం చేయరాదు. అయితే ఒక్క మాట చెప్పవచ్చు. సురభి నటులతో, రంగస్థల పద్యాలతో తీసిన ఆ చిత్రాన్ని చూడవచ్చిన ప్రేక్షకులకు కథ ముందే తెలుసు. వారు వచ్చింది తెర మాట్లాడుతుందా అని, పద్యం పాడుతుందా అని. అంటే ఆనాటి అద్భుతం నరసింహుడు కాదు, మాటే.

1942లో శోభనాచల వారు చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వంలో మళ్ళీ ఈ కథనే తీశారు. వేమూరి గగ్గయ్య హిరణ్యకశిపుడు. పాతికేళ్ళ తర్వాత, 1967 జనవరిలో, మన వడపళని ఏవీయం సంస్థ రంగుల్లో తీసిన 'భక్త ప్రహ్లాద'కూ ఆ నారాయణమూర్తిగారే దర్శకులు. ఒకే దర్శకుడు ఒకే కథను రెండు తరాల ప్రేక్షకులకు చెప్పడం గమనించదగిన విషయం. డి.వి. నరసరాజు రచన, ఎస్. రాజేశ్వరరావు సంగీతం, నారదుడుగా స్వయంగా బాలమురళీకృష్ణ, ప్రహ్లాదుడుగా బేబీ రోజారమణి, లీలావతిగా అంజలీదేవి. అందరికీ మించి ఎస్.వి. రంగారావు.

రంగారావు హిరణ్యకశిపుణ్ణి రాక్షసుడుగా కంటె తండ్రిగా ఎక్కువ చూపారని నా అభిప్రాయం. ఏం చదువుకున్నావని కొడుకును అడిగేటప్పుడు ఆ గొంతులో ఆజ్ఞ సగం, లాలన సగం. కొడుకు నోట శత్రువు పేరు విన్నప్పుడు ముందు కోపం రాదు, నమ్మలేనితనం వస్తుంది. ఆ తర్వాతే కోపం. ఈ మెట్లు ఉన్నాయి కాబట్టే కన్నబిడ్డను ఏనుగులకూ పాములకూ ఒప్పగించే ఘట్టాలు ఒట్టి క్రూరత్వంగా తోచవు. ఒక ఇల్లు కూలిపోతున్నట్లు తోస్తాయి. ఈ చిత్రంలో లోపాలు లేకపోలేదు. ఆటపాటలు ఎక్కువ, చండామార్కుల హాస్యంలో సాగదీత ఉంది, చివర వచ్చే నరసింహునికి ఆనాటి మేకప్పు విధించిన హద్దులు కనిపిస్తూనే ఉంటాయి. అయినా ఆ హద్దులు కథను పాడుచేయలేదు. స్తంభం పగిలేసరికే ప్రేక్షకుని మనసులో చిత్రం పూర్తయి ఉంటుంది. నరసింహుడు తీర్పు చెప్పడానికి వస్తాడు. అభియోగం నడిపినవాడు మాత్రం బాలుడే.

కొత్త చిత్రానికి వద్దాం. పోతన సప్తమ స్కంధంలో నరసింహ రూపాన్ని సుదీర్ఘమైన వచనంలో వర్ణించాడు. జూలు విదిలింపుకు మేఘాలు చెదరడం, ఊపిరికి సముద్రాలు కలగడం వంటి భాగవత కల్పనలను నటుని ముఖానికి పెట్టిన తొడుగు ఎన్నటికీ అందుకోలేదు. చిత్రకారుని బొమ్మ అందుకోగలిగింది. ఇది చిన్న లాభం కాదు. వరాహావతార యుద్ధాన్ని ముందు విస్తారంగా చూపినందువల్ల హిరణ్యకశిపుని పగకు మూలం తమ్ముని చావు అన్న సంగతి కూడా బలంగా తెలుస్తుంది. తల్లి ఇక్కడ లీలావతి కాదు, కయాధువు. మన నాటకం, మన సినిమా పాడుకున్న పేరు పోయి, సంస్కృత పురాణంలోని పేరు వచ్చింది.

నష్టమెక్కడ? భాగవతంలోనూ పోరు ఉంది. కాని అది క్లుప్తం. కొత్త చిత్రంలో అది పతాక సన్నివేశమంతా ఆక్రమించింది. అంతసేపూ శరీరాలు పెరుగుతాయి, ముఖాలు తగ్గుతాయి. హిరణ్యకశిపుని కోపానికి ఎత్తు ఉంది కాని మెట్లు లేవు. తండ్రీకొడుకుల వాదం యుద్ధానికి పీఠికగా మిగిలింది.

దీన్ని దర్శకుని అశక్తతగా భావించడం న్యాయం కాదు. కారణం చిత్రం రూపంలోనే ఉంది. ఇది 2037 దాకా ప్రకటించిన ఏడు చిత్రాల వరుసలో మొదటిది. పరశురాముడు, రాముడు, కృష్ణుడు, కల్కి తర్వాత రావలసినవారు. అటువంటి వరుసలో ఒక చిత్రం నుంచి మరొకదానికి నడిచి వెళ్ళగలవాడు విష్ణువు ఒక్కడే. ప్రహ్లాదుడు వెళ్ళలేడు. కాబట్టి నాయకత్వం బాలుని నుంచి అవతారానికి మారక తప్పలేదు. పేరులోనే ఆ మార్పు ఉంది. 1932, 1942, 1967 చిత్రాలు మూడింటికీ పేరు భక్తునిది, 2025 చిత్రానికి భగవంతునిది. సూపర్‌మాన్ కథల సంప్రదాయం మన పురాణాన్ని తాకిన చోటు ఇదే. ఎగరడం, కొండలెత్తడం మనకు కొత్తవి కావు. బలవంతుడే కథానాయకుడన్న నియమం మాత్రం ఈ కథకు కొత్త.

తెలుగువారికి నరసింహుని 'తర్వాతి కథ' తెలియకపోలేదు. అహోబిలం అడవుల్లో చెంచుపిల్లను వలచి పెళ్ళాడిన స్వామి కథ అది. 1958 నాటి 'చెంచులక్ష్మి'లో అక్కినేని నరహరి, అంజలీదేవి చెంచిత, హిరణ్యకశిపుడు అక్కడా రంగారావే. మన సంప్రదాయం ఉగ్రమూర్తిని మరో యుద్ధానికి కాక పెళ్ళికి పంపింది. భాగవతం కూడా సంహారంతో ఆగదు. దేవతలు, చివరకు లక్ష్మి సైతం దగ్గరకు పోవడానికి జంకినప్పుడు బాలుడు వెళ్ళి పాదాల చెంత వాలుతాడు. తన తండ్రికి సద్గతి కలగాలని వరం అడుగుతాడు. ఏనుగులతో తొక్కించిన తండ్రి కోసం కొడుకు అడిగిన ఆ వరం కంటె పెద్ద అద్భుతం ఈ కథలో లేదు. ప్రహ్లాద చిత్రాలకు నా దృష్టిలో కొలమానం అదే.

భాష సంగతి ఒకటుంది. 1967 చిత్రంలో పోతన పద్యం అలంకారం కాదు, సంభాషణకు వెన్నెముక. 2025 చిత్రం అయిదు భాషల్లో ఒకేసారి వచ్చింది. అందులోని ముఖాల పెదవులు ప్రత్యేకించి ఏ భాషవీ కావు. అటువంటి చోట ఒక భాష పద్యం చుట్టూ సన్నివేశం అల్లడం సాధ్యం కాదు. ఇందులో తప్పెవరిదీ లేదు, నష్టం మాత్రం మనది.

ఈ నష్టం చెన్నైలో మరింత తెలుస్తుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత ఇక్కడి పాఠశాలల్లో తెలుగుకు చోటు కుంచించుకుపోయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, అక్షరం చదవలేని పిల్లలు మన చుట్టూ ఉన్నారు. వారికి భాగవతమంటే తెరే. అందుచేత కొత్త చిత్రాన్ని తీసిపారేయడం కంటె వాడుకోవడం మేలు. మన ఉపాధ్యాయులు ఆ పిల్లలకు ముందు 2025 నాటి స్తంభోద్భవం చూపాలి, తర్వాత 1967 నాటిది చూపాలి, ఆ పైన పోతన వచనం గొంతెత్తి చదివి వినిపించాలి. నరసింహుణ్ణి చూడటానికి వచ్చిన పిల్లవాడు ప్రహ్లాదుని మాట వినకుండా వెళ్ళిపోకుండా చూడగలిగితే మన పని కొంత నెరవేరినట్లే.